చివరి స్టాపు దాకా

మీరే. ఇంకెవరో కాదు, మీరే. నడుము నొప్పి అని వచ్చిన మనిషిని గొట్టంలోకి తోసి, బొడ్డు వెనకాల నాలుగు ఫోటోలు తీసి, "ఏమీ లేదు, వెళ్లిరా" అని పంపేసే స్కానింగు సెంటర్ల యజమానులారా! ఆ ఏమీ లేదన్న ముక్క పట్టుకుని ఆ మనిషిని పనిదొంగ కింద జమకట్టే ఆఫీసర్లారా! మీ వల్ల ఒక ఆడమనిషి చేతిలోంచి స్టీరింగు జారిపోయేది. జారలేదు, అది వేరే సంగతి. అందుకే ఇది ఏడుపు కథ కాదు. అలాగని తప్పించుకున్నాం అనుకోకండి. కూర్చోండి, వినండి.

ఆ మనిషిని బస్సు డిపోలో అందరూ స్టీరింగమ్మ అంటారు. మొదట్లో వెక్కిరింతకి పెట్టిన పేరే. తర్వాత అదే ఖాయమైంది. ఆ డిపోలో పెద్ద బస్సు నడిపే ఆడమనిషి ఆమె ఒక్కతే మరి.

అంతకుముందు ఆమె కండక్టరు. ఆ రోజుల్లోనే నడుము పట్టేసేది. పొద్దున లేచేసరికి వీపు కింది భాగంలో చెక్క పలక బిగించినట్టు ఉండేది. మొహం కడుక్కోవడానికి సింకు అంచు పట్టుకుని, నడుమును బతిమాలుకుంటూ వంగేది. బస్సెక్కి, జనాన్ని తోసుకుంటూ ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు తిరిగితే చాలు, ఒళ్లు నూనె వేసిన తలుపులా ఆడేది. పని చేస్తే పోయే నొప్పి కూడా ఒక నొప్పేనా అని తనే దాన్ని ఖాతరు చేయలేదు.

డ్రైవరు పరీక్ష నెగ్గి సీట్లో కూర్చున్నాకే అసలు బండారం బయటపడింది. కూర్చున్న కొద్దీ బిగుసుకుపోవడమే. ఒక రోజు కుడి పిర్ర లోపల పోటు, ఇంకో రోజు ఎడమ పక్క. ట్రిప్పు ముగిశాక డోరు కడ్డీ పట్టుకుని కిందికి దిగుతుంటే, ఆమె బస్సు కండక్టరు విజిలు బాబాయి చెయ్యందించేవాడు. ఆయన బెల్లు తాడు ముట్టుకోడు, మెళ్లో విజిలే ఆయన గొంతు. ఆగడానికి ఒకటి, కదలడానికి రెండు.

"ఏమే స్టీరింగమ్మా, బస్సు కన్నా నువ్వే ముందు షెడ్డుకి పోయేలా ఉన్నావు."

"చివర్లో కాస్త నడవనిస్తే బాగైపోతాను బాబాయ్. ఆ కాస్తా దొరకట్లేదు."

దొరకదు. ఎందుకంటే ఆ డిపోలో ఒక దిక్కుమాలిన అలవాటుంది. దాని పేరు పొట్టి ట్రిప్పు. బస్సు ఆలస్యమైతే, చివరి స్టాపు దాకా పోనివ్వరు. దానికి ముందు స్టాపులోనే, నిలిచే టైము లేకుండా వెనక్కి తిప్పేసి, టైము కలిసిందని చేతులు దులుపుకుంటారు. చివరి స్టాపు వాళ్లంతా దిగి, సంచులు మోసుకుంటూ నడుచుకుపోవాలి. ఆ మాట చెప్పాల్సింది బాబాయే. తల వంచుకుని చెప్పేవాడు. కూరగాయల సంచితో రోజూ ఎక్కే ఒక ముసలమ్మ మాత్రం ఊరుకునేది కాదు.

"ఏమయ్యా విజిలూ, బోర్డు మీద మా వీధి పేరు రాశారు గదా! మా వీధి దాకా రాకుండా మా వీధికి పోయొచ్చామని ఎలా రాసుకుంటారయ్యా మీరు?"

ఈ మాట గుర్తుంచుకోండి. పని పడుతుంది.

స్టీరింగమ్మ డిపో మేనేజరు దగ్గరికి వెళ్లి అడిగింది. ప్రతి ట్రిప్పు చివర బస్సు దిగి కాసేపు నడుస్తాను సార్, అంతే చాలు. ఆయన డిపో డాక్టరు దగ్గరికి పంపాడు. డిపో డాక్టరు నడుము స్కానింగు రాశాడు. స్కానింగు సెంటరు నడుము తీసింది. వెన్నుపూసలు బాగున్నాయి, మధ్యలో మెత్తలు బాగున్నాయి, నరాలు బాగున్నాయి. మేనేజరు ఆ రిపోర్టు బల్ల మీద పెట్టి, చాలా మంచివాడిలా నవ్వాడు.

"చూడమ్మా, రోగం లేదంటున్నారు. రోగం లేకపోతే అందరిలా నడుపు. నొప్పంటావా, కూర్చుని చేసే పనే ఇస్తాను. పాసుల కౌంటరు. నీడ పట్టున ఫ్యాను కింద. నెలాఖరుకి మెడికల్ బోర్డు కూర్చుంటుంది, ఆలోపు ఏదో ఒకటి తేల్చుకో."

డిపో అంతా ఆయన దయకి పొంగిపోయింది. పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుని ఉండే పని! ఆమెకి అది ఉరితాడు. పైగా ఆ స్టీరింగు కోసం ఎంతమంది నవ్వులు దిగమింగిందో ఆమెకే తెలుసు. దిగిపోతే మళ్లీ ఎక్కనివ్వరు. ఆమె వెనకాల లైసెన్సు పట్టుకుని నిలబడ్డ ఇంకో ఇద్దరు ఆడ కండక్టర్లనీ ఎక్కనివ్వరు.

ఇంట్లో ఇంకో రకం దయ. అత్త. భర్త పెయింటింగు పనుల మీద ఊళ్లు తిరుగుతుంటాడు కాబట్టి ఇల్లంతా అత్తాకోడళ్లదే, మధ్యలో బడికెళ్లే ఒక కూతురు. అత్త నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. కోడలికి నడుము నొప్పి అనగానే చీపురు లాక్కుంది, బిందె లాక్కుంది. సెలవు రోజైతే మంచం దిగనిచ్చేది కాదు.

"కదిలావంటే కాళ్లు విరగ్గొడతా! పడుకో!"

"నడుము పోయింది చాలదూ, కాళ్లు కూడానా అత్తా?"

"నోరు మాత్రం బాగానే ఉందే నీకు. దానికి స్కానింగు అక్కర్లేదు."

పడుకున్న కొద్దీ కోడలికి ఎక్కువయ్యేది. సెలవు మర్నాడు నరకం. డిపోలో ఇదో జోకు. "మా స్టీరింగమ్మకి ఆదివారం పెనాల్టీ" అనేవాళ్లు. పనిలో ఉంటే తక్కువ, విశ్రాంతిలో ఎక్కువ, ఇదెక్కడి వింత నొప్పి అని ముక్కున వేలేసుకున్నారే గానీ, ఆ వింతలోనే రోగం పేరు రాసుందని ఒక్కరికీ తట్టలేదు. పోనీ, డిపో జనానికి తట్టలేదంటే అర్థముంది. డిపో డాక్టరు అడగనే లేదు. పొద్దున ఎలా ఉంటుంది అని ఒక్క మాట అడిగితే ఆయన సొమ్మేం పోయింది?

నడుము సంగతి అడిగినవాడు ఎవరో తెలుసా? కళ్ల డాక్టరు.

నిరుడు ఆమెకి ఒక కన్ను చింతనిప్పులా ఎర్రబడి, వెలుతురు చూడలేకపోయింది. చుక్కల మందు వేసి తగ్గించి, "నడుము నొప్పి ఏమైనా ఉందా? ఒకసారి కీళ్ల డాక్టరుకి చూపించుకో" అన్నాడు. అత్త ఆ రోజు ఆస్పత్రి మెట్లు దిగుతూ దారి పొడవునా తిట్టింది. "కంటికి చూపించుకోవడానికొస్తే కీళ్ల దగ్గరికి పొమ్మంటాడేంటే! వీడికి కళ్లున్నాయా అసలు?" ఇద్దరూ నవ్వుకుని మర్చిపోయారు. ఈ ఏడు రెండో కన్ను ఎర్రబడింది. కళ్ల డాక్టరు ఈసారి ఊరికే వదల్లేదు. "పోయినసారి చెప్పిన పని చేశావా?" అని నిలదీశాడు. అత్త నాలుక కరుచుకుంది.

కీళ్ల డాక్టరమ్మ గది చిన్నది. ఆవిడ స్టీరింగమ్మ చెప్పేది వింటూ మధ్యమధ్య తనే చెప్పడం మొదలుపెట్టింది.

"తెల్లవారుజామున నొప్పికి మెలకువ వచ్చేస్తుందా? లేచి తిరిగితే గానీ తగ్గదా?"

"అవునండీ."

"ఒకసారి ఈ పిర్ర, ఒకసారి ఆ పిర్ర?"

"అవునండీ!"

అత్త కోడలి చెవిలో గుసగుసలాడింది. "ఈవిడ డాక్టరా, సోదె చెప్పేదా?"

"రెండూ కాస్త కాస్త, పెద్దమ్మా" అంది డాక్టరమ్మ. చెవులు పాము చెవులు. "అమ్మాయికి కాన్పై ఎన్నాళ్లైంది?"

"మనవరాలు మూడో తరగతి. నోట్లో నాలుక నాకన్నా పొడుగు."

"అయితే కాన్పు వల్ల కాదు." డాక్టరమ్మ పాత స్కానింగు ఫిల్మును వెలుగు పెట్టె మీద పెట్టింది. "ఫోటో బాగుంది. ఇందులో ఏమీ లేదన్నదీ నిజమే. కానీ మనకి కావాల్సిన చోటు ఇందులో లేదు."

ఆవిడ వేలు ఫిల్ము కింది అంచు దాటి బల్ల మీదికి వచ్చింది. వెన్నెముక అడుగున త్రికోణంలా ఒక ఎముక ఉంటుంది. దానికి అటొకటి, ఇటొకటి తుంటి ఎముకలు. అవి కలిసే చోట రెండు కీళ్లుంటాయి. శరీరం బరువంతా కాళ్లకి దిగేది వాటి మీదుగానే. వెన్నుని పట్టే ఈ వాపు రోగం చాలామందిలో మొదట అక్కడే రాజుకుంటుంది, కొందరికి కంట్లో కూడా. నడుము స్కానింగు అక్కడిదాకా సరిగా పోదు.

"ఎక్స్‌రే తీస్తే తెలుస్తుందా అమ్మా?"

"ఎక్స్‌రేకి ఎముక దెబ్బతిన్నాకే కనిపిస్తుంది. దానికి ఏళ్లు పట్టొచ్చు. మనం అంతదాకా ఎందుకు కూర్చోవాలి? అదే గొట్టం స్కానింగులో, ఎమ్మారైలో, వాపుని ఇప్పుడే చూడొచ్చు. కాకపోతే ఆ కీళ్ల మీదుగా ఏటవాలుగా తీయాలి. కొవ్వు మెరుపుని అణిచేసి, వాపులో ఉన్న నీరు మాత్రం తెల్లగా మెరిసేలా తీసే వరస ఒకటుంది, అది తప్పకుండా ఉండాలి." ఆవిడ రక్త పరీక్షలకి ఒక చీటీ, స్కానింగుకి ఒక చీటీ రాసి, ఒక మాట కలిపింది. "బల్ల మీద పడుకోబెట్టాక ఒంటి మీద ఎర్ర దీపం గీత వేస్తారు, అది ఎక్కడ పడుతుందో చూసుకో. బొడ్డు దగ్గర కాదు, ఇంకా కింద. తుంటి ఎముకల దగ్గర."

స్కానింగు సెంటరు హాలు కిటకిటలాడుతోంది. కౌంటరులో అమ్మాయి చీటీ చూసింది, స్క్రీను చూసింది, "నడుము ప్యాకేజీ" అని నొక్కేసింది.

"నడుము కాదమ్మా, దాని కింద."

"దాని కింద అంటే మా దాంట్లో మోకాలు ఉందండీ."

అత్త నోరు తెరవబోయింది. కోడలు ఆపింది.

లోపల ఆపరేటరు బట్టతల మనిషి, కళ్ల కింద సంచులు, మాట మెత్తన. బల్ల మీద పడుకోబెట్టి, చేతికి రబ్బరు బుడ్డి ఇచ్చాడు. "ఇబ్బందైతే నొక్కమ్మా."

"ఒకటి నొక్కితే ఆగడం, రెండు నొక్కితే పోవడమా అన్నా?"

అతను నవ్వాడు. ఎర్ర దీపం గీత ఆమె మీద పడింది. తల ఎత్తి చూసుకుంది. సరిగ్గా బొడ్డు మీద.

"అన్నా, ఇంకా కిందికి రావాలి."

"స్క్రీను మీద నడుమనే ఉందమ్మా. బయట జనాన్ని చూశావుగా."

"చీటీ చూడు."

అతను చీటీ తెచ్చుకుని చదివాడు. మళ్లీ చదివాడు. బుర్ర గోక్కున్నాడు. "రాసింది సరైనదే. కానీ ఇది మా ప్యాకేజీలో లేదు. నడుముకైనా సరే, ఆ నీళ్లు మెరిసే వరస మావాళ్లు ఎత్తేశారు. టైము ఎక్కువ తింటుందని."

"యంత్రానికి చేతకాదా?"

"యంత్రానికేం, భేషుగ్గా తీస్తుంది. మమ్మల్ని తీయనివ్వరు, అంతే."

ఆమె బల్ల మీద లేచి కూర్చుంది. నడుము కలుక్కుమన్నా, నవ్వొచ్చేసింది. "ఓరి దేవుడో! పొట్టి ట్రిప్పు! మీరూ పొట్టి ట్రిప్పులే కొడుతున్నారా?"

"అదేంటమ్మా?"

చెప్పింది. తను నడిపే బస్సు, దాని రూటు, ఆలస్యమైతే చివరి స్టాపు ఎగ్గొట్టి ముందే తిప్పేయడం, టైము కలిసిందని రాసుకోవడం. చెబుతుంటే అతని మొహం ఎర్రబడింది.

"మీరేనా ఆ పని చేసేది! నా ఇల్లు చివరి స్టాపులోనే! ఎన్ని రాత్రుళ్లు నడిచానో తెలుసా? వానలో!"

"మరి నా రోగం కూడా చివరి స్టాపులోనే ఉందన్నా. నువ్వు ఇక్కడే తిప్పేసి, దారిలో ఎవరూ కనిపించలేదని రాస్తానంటున్నావు. నేను దిగను. తీస్తే అక్కడిదాకా తియ్యి, లేదంటే నీ మేనేజరుని పిలు."

అతను మేనేజరుని పిలవలేదు. ఫిల్ములు చదివే పెద్ద డాక్టరుకి ఫోను చేశాడు. చీటీ చదివి వినిపించాడు. అటునుంచి ఆయన ఒకటే మాట అన్నట్టుంది, ఇతను "సరే సార్, పూర్తిగానే తీస్తాను" అని పెట్టేశాడు. దీపం గీత తుంటి దగ్గరికి దిగింది.

ఆలస్యం అవుతుందని తెలిసేసరికి హాలులో గోల మొదలైంది. లోపలికి వినిపిస్తూనే ఉంది. దాని మీదుగా అత్త గొంతు ఇంకా బాగా వినిపించింది.

"ఎవరయ్యా తొందరపడేది? నువ్వా? రేపు నీదీ సగమే తీసి పంపుతారు, ఇంటికెళ్లి పండగ చేసుకుంటావా? నా కోడలు లోపల నీ తరఫున కూడా పోట్లాడుతోంది. కూర్చో!"

కూర్చున్నారు కాబోలు. యంత్రం టకటకా, ధనధనా మోత మొదలుపెట్టింది. కదలకుండా పడుకోవడం ఆమెకి అన్నింటికన్నా కష్టమైన పని. లోపల పలక బిగుసుకుంటూనే ఉంది. మధ్యలో అతను మైకులో, "నీళ్ల వరస మొదలుపెడుతున్నాను, ఓర్చుకోగలవా?" అని అడిగాడు. ఆమె బుడ్డిని రెండుసార్లు నొక్కింది. పోనియ్!

మళ్లీ ఆ చిన్న గదిలో, డాక్టరమ్మ వెలుగు పెట్టె మీద కొత్త ఫిల్ము. నల్లటి ఎముకలు. కీలుకి రెండు పక్కలా, ఎముక లోపల, తెల్లగా మెరుస్తున్న మచ్చలు. వానకి గోడలో దిగిన చెమ్మలా ఉంది. అటూ ఉంది, ఇటూ ఉంది.

"ఇదేనమ్మా నీ నొప్పి."

స్టీరింగమ్మ లేచి, ముక్కు ఆనించినంత దగ్గరగా వెళ్లి చూసింది. ఆ తర్వాత చేసిన పనికి అత్త హడలిపోయింది. చప్పట్లు కొట్టింది!

"ఉంది! అత్తా, ఉంది! చూడు, ఎంత తెల్లగా ఉందో!"

"ఓసి నీ సంబరం కూలా! రోగం దొరికితే పుట్టబోయే పిల్లని చూసినట్టు మురిసిపోతావేంటే!" అంటూనే అత్త కూడా వెళ్లి చూసింది. చూసి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "అబద్ధం ఆడే మనిషా నా కోడలు?" అని ఎవరూ లేని మూలకేసి చూసి అడిగింది.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "ఈ ఫోటో ఒక్కటే చూసి నేను తీర్పు చెప్పడం లేదు. ఇలాంటి మచ్చలు బరువులు మోసేవాళ్లకీ రావచ్చు, కొత్తగా కాన్పైనవాళ్లకీ రావచ్చు. నీ పొద్దుటి బిగుతు, నీ కన్ను, నీ రక్త పరీక్ష, ఈ ఫోటో, అన్నీ ఒకే మాట చెబుతున్నాయి. అదృష్టం ఏమిటంటే, ఎముక ఇంకా పాడవలేదు. మందులు వేసుకుంటూ, రోజూ వ్యాయామం చేస్తూ పోతే చాలామందికి బాగా తగ్గుతుంది. తగ్గకపోతే ఇంజెక్షన్లున్నాయి. బస్సు నడుపు. కానీ అదేపనిగా కూర్చోకు. లేచి నడవడం నీకు మందుతో సమానం."

"నడవాలా?" అత్త మొహం పాలిపోయింది. "మంచం మీద కదలకుండా పడుకోబెట్టింది నేనే కదమ్మా!"

"ఇకనుంచి పడుకోనివ్వకండి పెద్దమ్మా."

అంతే. ఆ రోజునుంచి అత్త పార్టీ మార్చేసింది. కోడలు కుర్చీలో కూర్చుంటే చాలు, "లే! లేచి నడువ్! కూర్చున్నావంటే కాళ్లు విరగ్గొడతా!" అని వెంటపడుతుంది. బెదిరింపు పాతదే, పని ఒక్కటే మారింది.

మెడికల్ బోర్డు రోజుకి మాత్రలు ఒంటికి పట్టాయి. పొద్దుటి పలక కాస్త వదులైంది. బోర్డు గదిలో మేనేజరు, డిపో డాక్టరు, ఇంకో ఇద్దరు. తలుపు దగ్గర, ఎవరూ పిలవకపోయినా, విజిలు బాబాయి.

"స్కానింగులో ఏమీ లేదని ముందే వచ్చింది కదా" అన్నాడు మేనేజరు.

"మీరు తీయించింది పొట్టి ట్రిప్పు సార్" అంది స్టీరింగమ్మ. రెండు ఫిల్ములూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. "పాతది ఇక్కడే తిరిగిపోయింది. నా రోగం దాని తర్వాతి స్టాపులో నిలబడి ఉంది. ఇదిగో."

తలుపు దగ్గర పీ... మని విజిలు మోగింది. ఒకటే. ఆగమని.

"బాబాయ్!" అని మేనేజరు కసిరాడు.

"నోరు జారింది సార్. విజిలు జారింది."

డిపో డాక్టరు ఫిల్ముల మీదికి వంగాడు. ఒకటి చూశాడు, రెండోది చూశాడు, కీళ్ల డాక్టరమ్మ ఉత్తరం చదివాడు. ఒక్క విషయంలో ఆ మనిషికి దండం పెట్టొచ్చు, తప్పు మీద దుప్పటి కప్పలేదు. "నేను రిపోర్టులో ఆఖరి వాక్యం చదివాను. ఫోటో ఎక్కడ ఆగిందో చూడలేదు. నడుము అని రాసింది కూడా నేనే." మేనేజరు వైపు తిరిగి, "ఈమె నడపొచ్చు. ప్రతి ట్రిప్పు చివర నడవాలి. అది రాయండి. పాసుల కౌంటరు ఈమెకి మందు కాదు, విషం" అన్నాడు.

మేనేజరు రాశాడు. రాశాక గానీ ఆయనకి వెలగలేదు, తను దేని మీద సంతకం పెట్టాడో. ట్రిప్పు చివర నడవాలంటే బస్సు ట్రిప్పు చివరికి పోవాలి. అంటే ఆమె బస్సుకి పొట్టి ట్రిప్పు లేదు!

ఇప్పుడు ఆ బస్సు ఆలస్యమైనా సరే చివరి స్టాపు దాకా పోతుంది. ముసలమ్మ తన వీధి మొగలో దిగుతుంది. స్కానింగు బట్టతల అన్న తన గుమ్మం ముందు దిగుతాడు. స్టీరింగమ్మ కిందికి దూకి, చేతులూపుకుంటూ బస్సు చుట్టూ తిరుగుతుంది. కిటికీల్లోంచి జనం, "ఇంకో చుట్టు, ఇంకో చుట్టు!" అని అరుస్తారు. ముసలమ్మ సంచి కింద పెట్టి, నడుము మీద చేతులేసుకుని ఆమెతో పాటు ఒక చుట్టు తిరిగితేగానీ ఇంటికి పోదు. బాబాయి రెండు విజిళ్లు వేస్తాడు. ఆమె చెయ్యి పట్టుకునే పని లేకుండా తనే ఎక్కి కూర్చుంటుంది. ఆమె వెనక లైసెన్సుతో నిలబడ్డ ఇద్దరిలో ఒకామె మొన్ననే పక్క రూటులో స్టీరింగు పట్టింది.

బాగుంది. నిజంగానే బాగుంది. కానీ ఆమెకి కన్ను ఎర్రబడింది కాబట్టి దారి దొరికింది. కన్ను ఎర్రబడనివాళ్లో? బల్ల మీద లేచి కూర్చుని పోట్లాడే నోరు లేనివాళ్లో? వాళ్లు ఈ రోజు కూడా మీ హాల్లో వరసలో కూర్చుని ఉన్నారు.

కాబట్టి స్కానింగు యజమానులారా, ఆ ప్యాకేజీ ఈ రోజే మార్చండి, రేపు కాదు. ఎత్తేసిన నీళ్ల వరస తిరిగి పెట్టండి. మీ కౌంటరు స్క్రీను మీద ఆ కీళ్లకి ఒక మీట పెట్టండి. డాక్టర్లూ, వయసులో ఉన్న మనిషి నెలల తరబడి నడుము నొప్పి అని వస్తే, పొద్దున ఎలా ఉంటుంది, తిరిగితే తగ్గుతుందా అని నోరు తెరిచి అడగండి. అవునంటే నడుము దగ్గర ఆగకండి. ఆఫీసర్లూ, ఏమీ లేదన్న కాగితం బల్ల మీద కొట్టేముందు ఆ ఫోటో ఎందాకా పోయిందో చూడండి. బోర్డు మీద ఏ ఊరు రాశారో ఆ ఊరి దాకా బండి నడపండి. మా నొప్పి చివరి స్టాపులో ఎదురుచూస్తోంది. అక్కడిదాకా రండి.